నీలి కనకాంబరాల డెమో క్లాసు

రాజనర్సయ్య చాయ్ బండి దగ్గర కోతలు కొయ్యడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. అమీర్‌పేటలో మైత్రివనం వెనక సందులో ఆ బండి చుట్టూ పొద్దుటినుంచీ జావా నేర్చుకునేవాళ్లు, టెస్టింగ్ నేర్చుకునేవాళ్లు, ఏం నేర్చుకోవాలో తెలియక చాయ్ తాగేవాళ్లు గుంపులుగా నిలబడే ఉంటారు. వాళ్లలో సగంమంది రాని ఉద్యోగాన్ని వచ్చినట్టే చెప్పుకుంటారు, మిగతా సగం నమ్మినట్టే తలూపుతారు. కాని రెండువేల అయిదు డిసెంబరులో ఒక గురువారం సాయంత్రం వీరవెంకటసత్యనారాయణ అక్కడ కోసిన కోతలు సరదాకి కోసినవి కావు. ఉద్యోగం కోసం కోసినవి.

సత్యనారాయణది కడియం, నర్సరీల ఊరు. నలభై రెండేళ్లుంటాయి. ఆ సందు మొగలో మూడో అంతస్తులో ఉన్న ఒక చిన్న బయోటెక్ కంపెనీ ల్యాబ్‌లో పని. ఏం పనండీ అని ఎవరైనా అడిగితే "పూలకి రంగులు మారుస్తుంటామండి" అనేవాడు. మార్చేవాళ్లు వేరే ఉన్నారు. ఇతను వాళ్ల సీసాలు కడుగుతాడు, కుండీలకి నీళ్లు పోస్తాడు. ఆ "మారుస్తుంటాం"లో తన వాటా ఎంతో ఎవరూ అడగలేదు, ఇతనూ చెప్పలేదు. అలా మూడేళ్లుగా బండి దగ్గర అతని పేరు సైంటిస్టుగారు.

ఇప్పుడు ఆ ల్యాబ్ ఊరి బయటికి తరలిపోతోంది. జనవరి నుంచి అటెండరు అక్కర్లేదని చెప్పేశారు. ఆ ముక్క ఇంట్లో ఛాయాదేవికి ఇంకా చెప్పలేదు. ఉద్యోగం పోవడం ఒక బాధ అయితే, రేపు ఏ షాపు ముందో వాచ్‌మన్‌గా స్టూలేసుకుని కూర్చుంటే ఈ సైంటిస్టుగారు అన్న పిలుపు పోతుందే అన్నది ఇంకో బాధ. నిజం చెప్పాలంటే రెండోదే పెద్ద బాధ.

సరిగ్గా అప్పుడే రామ్మోహనరావు దొరికాడు. ఆయనది పక్క బిల్డింగులో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. గాలి ఎటు వీస్తే అటు బోర్డు మార్చే మనిషి. ఈమధ్య అందరూ బయోటెక్ అంటున్నారని ఆ కోర్సు కూడా పెడదామనుకుంటున్నాడు. "రెజ్యూమె నాకు చూపించకయ్యా. అమీర్‌పేటలో రెజ్యూమె ఎవడు నమ్ముతాడు? డెమో ఇవ్వు చాలు" అన్నాడు.

అమీర్‌పేట పద్ధతే అది. మొదటి క్లాసు ఊరికే చెప్పాలి, దాన్నే డెమో అంటారు. పిల్లలకి నచ్చితే చేరతారు, లేకపోతే పక్క ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కుతారు. పైన గదులన్నీ బ్యాచులతో నిండి ఉన్నాయని రామ్మోహనరావు పాతికమందిని బండి దగ్గరికే దింపాడు. వాళ్లు చేతులెత్తితే బ్యాచ్ సత్యనారాయణది, ఎత్తకపోతే ఎవరి దారి వాళ్లది.

సత్యనారాయణ ఇస్త్రీ చొక్కా జేబులో ఆకుపొట్లం ఒకటి ఉంది. సాయంత్రం పూజకి పూలు తెమ్మని ఛాయాదేవి చెబితే పొద్దున్నే కొన్నాడు. అవసరమైతే డెమోలో ఆఖరి అస్త్రంగా దాన్నే బయటికి తీద్దామని ఆలోచన. ఒక్క విషయమే అతనికి కొంచెం ఇబ్బందిగా ఉంది. మామూలుగా మూడింటికల్లా బోరబండ బస్సెక్కేసే పూల రుద్రమ్మ ఇవాళ ఇంకా బండి పక్కనే బుట్ట ముందు కూర్చుని మాల కడుతోంది. ఎందుకుందో తట్టలేదు. సరేలే అని ఆమెకి వీపు పెట్టి నిలబడ్డాడు.

"ఆయ్, మొదలెడతానండి," అన్నాడు రామ్మోహనరావు వైపు చూసి. "ఏం బాబూ, నీ పేరేంటి? నరేశా? ఏ ఊరు? సిద్దిపేటా? శుభం. జీన్ అంటే ఏంటో చెప్పు."

"తొడుక్కునేది సార్," అన్నాడు నరేశ్. అందరూ గొల్లుమన్నారు.

"అది ఉతుక్కోవచ్చు, నేను చెప్పేది ఉతికినా పోదు. నీ ముక్కు మీ నాన్న ముక్కులా ఎందుకుంది? నువ్వు పుట్టకముందే లోపల రాసిపెట్టేశారు కాబట్టి. పువ్వుకీ అంతే. కనకాంబరం అలా నారింజరంగులో ఉందంటే లోపల అలా రాసుంది. ఆ రాత చెరిపి వేరే రాత రాయడమే మా పని. ఇందులో నా అనుభవం ఎలాంటిదో ఒక్కటి చెప్తాను వినండి. మొన్న మేలో, రోహిణి ఎండలు, మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటరు కాలిపోయింది. ఏసీ గదిలో నలభై సీసాలు, ఒక్కో సీసాలో గోరంత కనకాంబరం మొక్క. అందరూ భోజనానికెళ్లారు, ల్యాబ్‌లో నేనొక్కణ్ణే. అలా వదిలేస్తే మొక్కలు ఉడికిపోతాయి. ఏం చేశానో తెలుసా? ఎదురు బిల్డింగులో నాలుగో అంతస్తున కంప్యూటర్ ల్యాబ్, వాళ్లకి పెద్ద జనరేటరు, లోపల ఊటీలా ఉంటుంది. ఒక్కో చేతిలో ఒక్కో సీసా పట్టుకుని మూడంతస్తులు దిగి, రోడ్డు దాటి, నాలుగంతస్తులు ఎక్కి, అలా ఇరవైసార్లు తిరిగాను. ఒక్క సీసా పగల్లేదు, ఒక్క మొక్క వాడలేదు."

చెప్పి ఆగాడు. పిల్లలు చాయ్ ఊదుకుంటున్నారు. రామ్మోహనరావు వాచీ చూసుకున్నాడు. సీసాలు మొయ్యడం కూడా ఒక గొప్పేనా అన్నట్టుంది ఆయన మొహం. ఇలా కాదు, పాకం కొంచెం గట్టిగా పట్టాలి అనుకున్నాడు సత్యనారాయణ.

"నలభై అంటే ఒక్క ట్రేలో నలభై అండి. అలాంటి ట్రేలు పది."

"అంటే నాలుగు వందలు సార్. ఇరవైసార్లలో అయితయా?" అన్నాడు నరేశ్.

"అవుతాయి, పరిగెడితే. అడ్డుతగలకు బాబూ, అసలు కథ ఇప్పుడే. ఆ కంప్యూటర్ల మధ్య సీసాలు పెట్టానా, ఊరికే కూర్చోలేక ఒక మొక్క తీశాను. శంఖుపువ్వు లేదూ, నీలంగా ఉంటుంది, దాని రంగు జీను సూదిమొనతో పట్టి కనకాంబరంలో పెట్టాను. మా ల్యాబ్ మేడంగారు మూడేళ్లుగా పెట్టలేక అలిసిపోయారు. నేను కళ్లు మూసుకుని పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పదకొండో రోజుకి పువ్వు పూసింది. నీలం! ఆకాశం ముక్క తెంపినట్టు నీలం! నీలి కనకాంబరం!"

"వావ్," అంది ముందు బెంచీ మీద వనిత. ఆ అమ్మాయిది బాటనీ డిగ్రీ. ఆ వావ్ చెవినపడేసరికి సత్యనారాయణకి ఇంకో అడుగు పొడుగు పెరిగినట్టనిపించింది.

"వావ్ అని నువ్వు ఇప్పుడన్నావమ్మా, శ్రీనగర్ కాలనీ ఆడవాళ్లు అప్పుడే అన్నారు. మా ల్యాబ్ మెట్లనుంచి పంజాగుట్ట దాకా క్యూ. దాంతో చీరల షాపుల్లో గొడవలు మొదలయ్యాయి. ఒకావిడ కనకాంబరం రంగు పట్టుచీర చూపించమంది. షాపతను నీలం చీర తీశాడు. ఇదేంటయ్యా అంటే, ఇప్పుడు కనకాంబరం రంగంటే ఇదేనమ్మా, సత్యనారాయణగారు మార్చేశారుగా అన్నాడు. పెళ్లికూతురి వాళ్లు ఒక రంగు, పెళ్లికొడుకు వాళ్లు ఒక రంగు కొనుక్కొచ్చి పీటల మీద కొట్టుకున్నారు. ఆఖరికి చీరల వాళ్ల సంఘం నా దగ్గరికొచ్చి, స్వామీ, తమరు ఇంకే పువ్వు జోలికీ వెళ్లకండి, మా రంగుల పేర్లన్నీ తారుమారవుతున్నాయి అని దణ్ణం పెట్టారు."

రాజనర్సయ్య చాయ్ వడగట్టడం ఆపి విన్నాడు. "మరి ఆగినవా సార్?"

"ఆగుతానా? శంఖుపువ్వు రంగు వానకి కాస్త వెలుస్తోందని ఈసారి నెమలి దగ్గరికెళ్లాను. నెమలి మెడ చూశావా, ఆ రంగు. ఆ జీను పెట్టేసరికి రంగైతే అదిరిపోయిందిగాని ఒక చిక్కొచ్చింది. మబ్బు పట్టిందంటే చాలు, కనకాంబరాలు పురి విప్పేవి! జళ్లో పెట్టుకున్న ఆడవాళ్లకి జడ విసనకర్రలా లేచి నిలబడేది. సిటీబస్సులో వెనక సీటు వాళ్లకి దారి కనపడదు. కండక్టర్లు కంప్లైంటు."

రామ్మోహనరావు వాచీ చూసుకోవడం మానేశాడు. ఆయన పెదవి చివర నవ్వు సత్యనారాయణ కంటపడింది. ఇంక ఆగలేదు.

"కండక్టర్ల గొడవ పోలీసుల చెవినపడింది. పిలిపించారు. పంజాగుట్ట చౌరస్తాలో సిగ్నల్ మాట ఎవడూ వినట్లేదు, మీరేమైనా చెయ్యగలరా అన్నారు. చేశాను. డివైడరు మీద బంతిమొక్కలు పెట్టాను. ఒక్క నిమిషం పచ్చగా, అయిదు సెకన్లు పసుప్పచ్చగా, తర్వాత ఎర్రగా! సిగ్నలుకి ఆగని ఆటోవాడు కూడా పువ్వుకి ఆగేవాడు. అలా పదిరోజులు హాయిగా నడిచింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముసురు పట్టింది. ఎండలేక పూలు ఎరుపు దగ్గర ఆగిపోయాయి. మూడు రోజులు! నాలుగువైపులా ఒక్క బండి కదిలితే ఒట్టు. మ్యారేజ్ హాలుకెళ్లే పెళ్లివాళ్లు ఇరుక్కున్నారు, తాళి అక్కడే కట్టించాం, ఆ పూలతోనే దండలు. ఆటోలో ఒకావిడ ప్రసవించింది. మగపిల్లాడు. బారసాల కూడా చౌరస్తాలోనే."

"బారసాల ఇరవై ఒకటో దినం చేస్తరు గద సార్," అన్నాడు నరేశ్. "మీరు మూడు దినాలే అన్నరు."

"మూడు రోజులనేది పోలీసుల లెక్క బాబూ. ఇరుక్కున్నవాళ్లని అడుగు, తెలుస్తుంది."

సందంతా నవ్వు. పక్క బడ్డీల దగ్గర నిలబడ్డవాళ్లు కూడా దగ్గరికి జరిగారు. సత్యనారాయణ ఛాతీ పొంగిపోయింది. ఇంతమంది తన మాట ఇంత శ్రద్ధగా వినడం అతని జన్మలో ఇదే మొదటిసారి. ల్యాబ్‌లో అయితే "ఆ సీసా ఇటివ్వు" తప్ప ఇంకో మాట ఉండదు.

"ఇదంతా ఒక ఎత్తు, మీకు పనికొచ్చేది ఒక ఎత్తు," అని గొంతు తగ్గించాడు. "హైటెక్ సిటీ కంపెనీల వాళ్లొచ్చారు. సత్యనారాయణగారూ, అమీర్‌పేట నుంచి వచ్చే పిల్లలందరూ మూడేళ్ల అనుభవం ఉందని రాసుకొస్తున్నారు, ఏది నిజమో ఏది అబద్ధమో తెలియక చస్తున్నాం అని గోలపెట్టారు. సరే అని ఇదే నీలి కనకాంబరానికి ఇంకో జీను తగిలించాను. ఇంటర్వ్యూ టేబుల్ మీద కుండీ పెడతారు. కుర్రాడు నిజం చెబితే పువ్వు నీలంగానే ఉంటుంది. అబద్ధం చెప్పాడా, పువ్వు ఎర్రబడుతుంది!"

బెంచీ మీద నవ్వులు టక్కున ఆగాయి. సగంమంది చేతుల్లో రెజ్యూమె ఫైళ్లున్నాయి. ఒకడు తన ఫైలు మెల్లిగా వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఉత్తదే," అన్నాడు నరేశ్, కాని గొంతులో కొంచెం తడబాటు ఉంది. "మా చెవిల పువ్వు పెడుతున్నరు సార్."

"చెవిలో కాదు నాయనా, చేతిలోనే పెడతాను, చూసుకో!" అని సత్యనారాయణ జేబులోంచి ఆకుపొట్లం తీసి విప్పాడు. లోపల రెండు మూరల మాల. కనకాంబరం లాంటి పువ్వే, అంతే సన్నటి గొట్టం, అంతే పల్చటి రేకలు. రంగు మాత్రం నీలం. "ఇదిగో, నీలి కనకాంబరం! ప్రపంచం మొత్తంలో ఈ ఒక్క మాలే ఉంది. హైదరాబాద్ కాదు, అమెరికా అంతా వెతికినా ఇంకో పువ్వు దొరకదు!"

పాతిక మెడలు ముందుకి వంగాయి. రామ్మోహనరావు కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

"యాడ దొరకదు సారూ?"

వెనకనుంచి రుద్రమ్మ. సత్యనారాయణ తిరిగి చూసేసరికి ఆమె బుట్ట మీది తడిగోనె ఎత్తింది. బుట్ట నిండా అవే పూలు. నీలంగా, కుప్పగా, ఇంకా మాల కట్టనివి కూడా.

"గివి డిసెంబర్ పూలు. యాడాదికోపారి గీ చలిల పూస్తయి. పొద్దుగాల నువ్వే గద రెండు మూరలు కొన్నవ్, అమ్మ లక్ష్మీవారం పూజ చేస్తదంటివి. మీ ఆంధ్రా అమ్మలు గీ నెల గురువారం గురువారం సాయంత్రం సుత అడుగుతరనే నేనింకా గీడ కూసున్న. నువ్వు ఏం చెప్పుకున్నా నాకు ఫికర్ లేదు సారూ, కాని నా బుట్టలున్న పువ్వు దునియాల లేదంటే ఎట్ల ఊకుంట?"

మార్గశిర లక్ష్మీవారం. పొద్దున ఛాయాదేవి అన్నది అదే. పూలు తెమ్మన్న మాట గుర్తుంది, ఆ రోజు పూలమ్మే మనిషి సాయంత్రం దాకా ఉంటుందన్నదే బుర్రకి ఎక్కలేదు.

పాతికమందీ ఒక్కసారిగా నవ్విన నవ్వుకి రాజనర్సయ్య గ్లాసులు గల్లుమన్నాయి. రామ్మోహనరావు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "పదండయ్యా పైకి. జావా డెమో ఉంది ఆరింటికి," అన్నాడు.

సత్యనారాయణ ఆ మాల పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నేను సైంటిస్టుని కానండి," అన్నాడు చివరికి, నేల చూస్తూ. "అటెండర్ని. సీసాలు కడుగుతాను. మిగతాదంతా ఊరికే అన్నాను. కాని ఆ నలభై సీసాలు మోసింది మాత్రం నేనేనండి. అదొక్కటి మాత్రం నిజం."

"అది నిజమే," అంది రుద్రమ్మ వెంటనే. "ఆ దినం నేనీడనే ఉన్న. మండే ఎండల, చెప్పులు తెగితే అవతల పారేసి వట్టి కాళ్లతోటి ఉరికిండు సారు. సీసాలను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని రోడ్డు దాటిండు. నాలుగు వందలు కాదు గని, నలభై అయితే నిజం."

నవ్వు తగ్గింది. వనిత మాత్రం లేవలేదు. "సార్, అసలు నీలి కనకాంబరం ఎందుకు రాదు?" అని అడిగింది.

సత్యనారాయణ తలెత్తాడు. ఆ అమ్మాయి ఎగతాళికి అడగలేదు. "రాజనర్సయ్యా, ఒక గ్లాసు వేణ్ణీళ్లివ్వు. లెమన్ టీకి పెట్టుకున్నావే, ఆ నిమ్మచెక్క కూడా," అన్నాడు.

ఛాయాదేవి పూజ పూలు దారంలోంచి దూసి గ్లాసులో వేసి స్పూనుతో నలిపాడు. నీళ్లు నీలంగా, కొంచెం ఊదాగా తిరిగాయి. "చూశావామ్మా, ఇది రేకలో ఉన్న రంగు. ఇప్పుడు చూడు." నిమ్మచెక్క పిండాడు. నీళ్లు చూస్తుండగానే గులాబీగా, ఆ తర్వాత ఎర్రగా మారిపోయాయి.

మెట్లవైపు కదిలినవాళ్లు కూడా వెనక్కి తిరిగి చూశారు.

"రంగు జీను తెచ్చి పెడితే సరిపోదమ్మా. రేకలో ఎంత పులుపుందో అది కూడా చూడాలి. పులుపెక్కువైతే నీలం కాస్తా ఇలా ఎర్రగా తేలుతుంది. జపాన్ వాళ్లు ఏళ్లతరబడి కష్టపడి నీలి గులాబీ చేశామన్నారు, అదీ లేత ఊదాయే అయింది. మా మేడంగారు మూడేళ్లుగా తల బద్దలుకొట్టుకుంటున్నదీ ఇక్కడే. సీసాలు కడుగుతూ కడుగుతూ వాళ్ల మాటలన్నీ విన్నాను. ఒక్క ముక్క మర్చిపోలేదు," అన్నాడు. ఈసారి గొంతు పెంచలేదు. పెంచాల్సిన పని కూడా పడలేదు.

నరేశ్ గ్లాసు దగ్గరికొచ్చి వంగి చూశాడు. "సార్, పువ్వు ఎర్రబడ్డది! మీ రెజ్యూమెను పట్టుకున్నది!"

ఈ నవ్వులో సత్యనారాయణ కూడా కలిశాడు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

మెట్ల దాకా వెళ్లిన రామ్మోహనరావు వెనక్కి వచ్చాడు. పిల్లల మొహాలు చూశాడు, గ్లాసు చూశాడు. "ఎవరెవరు చేరతారో చేతులెత్తండి," అన్నాడు. వనిత చెయ్యి ముందు లేచింది. "నిమ్మకాయ క్లాసుకు నేను సుత వస్త. సిగ్నల్ కథ చాయ్ బ్రేకుల చెప్పాలె," అని నరేశ్ ఎత్తాడు. బెంచీ మీదివాళ్లు, గోడకానుకున్నవాళ్లు, ఫైలు దాచుకున్న కుర్రాడు, ఒక్కొక్కరే ఎత్తారు. చాయ్ గంటె పట్టుకున్న చెయ్యి రాజనర్సయ్య కూడా ఎత్తాడు.

"సోమవారం పొద్దున ఏడింటికి బ్యాచ్," అన్నాడు రామ్మోహనరావు. "బోర్డు మీద పేరు పక్కన ఏం రాయించమంటావయ్యా?"

సత్యనారాయణ చొక్కా సర్దుకున్నాడు. "ఉన్నదే రాయించండి. సీనియర్ ల్యాబ్ అటెండర్ అని."

"మీ ల్యాబ్‌లో అటెండర్లు ఎంతమంది?"

"నేనొక్కణ్ణేనండి. అందుకే సీనియర్." అని బెంచీ మీద కూర్చుని కాలుమీద కాలేసుకున్నాడు. గర్వం అంత తొందరగా ఎక్కడికి పోతుంది? "ఈ నిమ్మచెక్క సంగతి ఉందే, ఇది తెలిసి జపాన్ నుంచి ఎనిమిదిమంది వచ్చి మా మెట్ల మీద కూర్చున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా..."

"ఏమైందో నాకెర్క," అంది రుద్రమ్మ, దారం మూరకి చాపి పట్టుకుని. "పూజ పూలన్నీ చాయ్ గ్లాసుల పోసినవ్. అమ్మ ఇంటికాడ చూస్తుంటది. చెప్పు సారూ, నీలి కనకాంబరాలు ఎన్ని మూరలియ్యాలె?"